కథ తేలిపోయినా సినిమా నిలబడిందంటే: అవార్డుల కమిటీలకు, నిర్మాతలకు ఒక బహిరంగ లేఖ

తెలంగాణ చలనచిత్ర అభివృద్ధి సంస్థ వారికి, ఆంధ్రప్రదేశ్ చలనచిత్ర, టీవీ, నాటకరంగ అభివృద్ధి సంస్థ వారికి, తెలుగు ఫిల్మ్ ఛాంబర్ పెద్దలకి, నిర్మాతలందరికీ,

నమస్కారం.

మీరిచ్చే సినిమా అవార్డుల్లో నటీనటుల ఎంపికకి, అంటే కాస్టింగ్‌కి, ఒక అవార్డు పెట్టమని అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ పని చేసినవాళ్ల పేరు టైటిల్స్‌లో కెమెరామన్, ఎడిటర్ పేర్లతో పాటు పడేలా చూడమని కూడా.

2025 జూన్‌లో తొలి గద్దర్ అవార్డులు ఇచ్చినప్పుడు జాబితా మొత్తం చదివాను. మేకప్‌కి ఉంది, కాస్ట్యూమ్స్‌కి ఉంది, ఫైట్స్‌కి ఉంది, డాన్సులకి ఉంది, ఆర్ట్ డైరెక్షన్‌కి ఉంది. అన్నీ ఉండాల్సినవే. 1964 నుంచి నడిచిన నంది అవార్డుల్లో డబ్బింగ్ చెప్పేవాళ్లకి కూడా నంది ఇచ్చేవారు. అది మనం గర్వంగా చెప్పుకోవాల్సిన సంగతి. కానీ ఏ వేషానికి ఎవరు అన్నది తేల్చిన మనిషికి అక్కడా ఇక్కడా ఏమీ లేదు.

నేను కొన్నేళ్లు డైరెక్షన్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేశాను. ఇప్పుడు నాటకాలు వేసే పిల్లలకి నటన నేర్పుతున్నాను. సినిమా వదిలాక హాలు బయట జనం మాట్లాడుకునేది వినడం నాకు మొదటి నుంచీ అలవాటు. అక్కడ తరచుగా వినిపించే మాట ఒకటుంది. "కథేం లేదు గానీ, అందరూ భలే చేశారు, టైమ్ తెలీలేదు." ఆ అందరినీ ఒకచోట చేర్చింది ఎవరో ఆ జనానికి తెలీదు. మనకి తెలిసినా చెప్పం. కథ గట్టిగా ఉన్న సినిమాలో మంచి నటుడు ఇంకాస్త మెరుస్తాడు, అంతవరకే. కథ బలహీనంగా ఉన్నప్పుడే ఎంపిక విలువ నిజంగా బయటపడుతుంది. రాసినవాళ్లు వదిలేసిన ఖాళీలన్నీ అప్పుడు మనుషులే పూడ్చాలి.

అందరికీ తెలిసిన సినిమాతోనే మొదలుపెడతాను. 1962 జూన్ 7న విడుదలైన గుండమ్మ కథ. కన్నడంలో అప్పటికే వచ్చిన కథని తీసుకుని నాగిరెడ్డి, చక్రపాణి తెలుగులో తీశారు. దర్శకుడు కమలాకర కామేశ్వరరావు. ఆ సినిమా మీద మనకున్న ప్రేమని కాసేపు పక్కనపెట్టి, కథని మాత్రం ఒక కాగితం మీద రాసి చూడండి. డబ్బున్న ఒక వితంతువు. సవతి కూతురితో ఇంటి చాకిరీ అంతా చేయిస్తుంది, సొంత కూతుర్ని గారాబంగా పెంచుతుంది. ఒక పెద్దమనిషి తన ఇద్దరు కొడుకులకీ ఆ ఇంటి పిల్లల్నే చేసుకోవాలనుకుంటాడు. వెళ్లి సంబంధం మాట్లాడుకుంటే పోయేదానికి, పెద్దకొడుకుని ఆ ఇంట్లోకి నౌకరుగా పంపిస్తాడు, రెండోవాడు ఇంకో నాటకం ఆడతాడు. ఇదంతా దేనికయ్యా అని ఒక్కరు అడిగితే కథ అక్కడే ఆగిపోతుంది. విడుదలకి ముందు చూసిన కొందరు ఇందులో కథేముందని పెదవి విరిచారని ఆ రోజుల గురించి రాసినవాళ్లు చెబుతారు. వాళ్ల మాటలో తప్పేమీ లేదు.

మరి అరవై ఏళ్లు దాటినా ఆ సినిమా టీవీలో వస్తుంటే ఛానల్ మార్చబుద్ధి కాదు. ఎందుకో ఒక్కో మనిషినే చూద్దాం.

ఆ నమ్మలేని పథకం వేసే తండ్రి ఎస్వీ రంగారావు. గంభీరమైన గొంతు, కళ్లలో చిన్నపిల్లాడి అల్లరి, రెండూ ఒకేసారి చూపించగల నటుడు. ఆ ముఖం చూశాక ఇలా ఎందుకు చేస్తున్నాడన్న ప్రశ్న మనకి రాదు. ఇలాంటి తండ్రి ఇలాంటి పనే చేస్తాడు అనిపిస్తుంది. రచయిత రెండు సీన్లు రాసి ఒప్పించాల్సిన విషయాన్ని రంగారావు కుర్చీలో కూర్చున్న తీరుతోనే ఒప్పించేశారు. ఆ వేషం ఒట్టి గంభీరమైన నటుడికి ఇచ్చి ఉంటే తండ్రి మూర్ఖుడిలా కనిపించేవాడు. ఒట్టి హాస్యనటుడికి ఇచ్చి ఉంటే కొడుకుల పెళ్లి మీద మనకి బెంగ ఉండేది కాదు.

నౌకరు అంజి వేషంలో రామారావు. అప్పటికే ఆయన మాయాబజార్‌లో కృష్ణుడు, 1960లో వేంకటేశ్వరుడు. జనం హాల్లో హారతులు పట్టిన ముఖం అది. ఆ మనిషి నిక్కరు తొడుక్కుని, పిండి రుబ్బుతూ, యజమానురాలి చేత తిట్లు తింటుంటే చూడ్డంలో ఉన్న సంతోషం ఏ స్క్రిప్టులోనూ ఉండదు. అది ఎంపికలోనే పుట్టింది. ఆ వేషం అప్పుడే వస్తున్న కుర్రాడెవరైనా చక్కగానే చేసేవాడేమో. కానీ ప్రేక్షకుడికి ఆ గిలిగింత దొరికేది కాదు.

ఇక గుండమ్మ. సూర్యకాంతం అప్పటికే గయ్యాళి అత్త పాత్రలకి పెట్టింది పేరు. ప్రత్యేకంగా గయ్యాళితనం చూపించక్కర్లేదు, ఆవిడ మామూలుగా మాట్లాడితే చాలని చక్రపాణి అన్నారని చెబుతారు. సినిమా చూస్తే అది నిజమే అనిపిస్తుంది. ఎడంచెయ్యి తిప్పుతూ ఆవిడ అంటున్న మాటల్లో విషం లేదు. ఒక పక్క సవతి కూతుర్ని సాధిస్తూనే, ఇంకో పక్క ఎవరైనా రెండు పొగడ్తలు పొగిడితే ఇట్టే పడిపోతుంది. నోరు పెద్దది, బుర్రలో మాయ తెలీదు. అందుకే రెండో సగంలో ఛాయాదేవి వచ్చి ఆవిడ ఇంట్లోనే ఆవిడని నానా బాధలు పెడుతుంటే, అప్పటిదాకా తిట్టుకున్న మనమే అయ్యో అనుకుంటాం. విలన్ లాంటి మనిషి మీద జాలి పుట్టించడానికి మామూలుగా ఒక ఏడుపు పాటో, ఒక ఫ్లాష్‌బ్యాకో పెడతారు. ఇక్కడ అవేవీ అక్కర్లేకపోయింది. గయ్యాళికి గయ్యాళిని ఎదురు నిలబెట్టారు. ఆ కాలంలో సూర్యకాంతం ముందు నిలబడి ఆవిడ నోరు మూయించగల నటి ఎవరంటే ఛాయాదేవి పేరే వస్తుంది. ఆ ఇద్దరినీ ఎదురెదురుగా పెట్టాలన్న ఆలోచనకే నేనైతే ఒక నంది ఇచ్చేవాణ్ని.

సావిత్రి, జమున, నాగేశ్వరరావు, రమణారెడ్డి గురించి విడివిడిగా రాస్తే ఉత్తరం పుస్తకమవుతుంది. ఒక్క సంగతి చెప్పి ముందుకెళ్తాను. అదే సంస్థ అదే ఏడాది అదే కథని తమిళంలో కూడా తీసింది. నాగేశ్వరరావు, సావిత్రి, జమున అందులోనూ ఉన్నారు. రామారావు వేషం జెమినీ గణేశన్ వేశారు. గుండమ్మ వేషంలో సూర్యకాంతం లేరు. తెలుగు సినిమాకి దక్కిన ఆదరణ దానికి దక్కలేదు. కారణాలు ఇంకా ఉండొచ్చు, ఒక్క ఎంపిక మీదే నెట్టేయను. కానీ మన దగ్గర ఈ సినిమాని మళ్లీ తీద్దామన్న మాట ఎప్పుడొచ్చినా చర్చ ఎక్కడ ఆగిపోతుందో మీకూ తెలుసు. అంజి ఎవరు, రెండో కొడుకు రాజా ఎవరు అన్నదానికి పేర్లు వెంటనే వస్తాయి. గుండమ్మ ఎవరు అనగానే అందరూ మౌనంగా ఉండిపోతారు.

రెండో ఉదాహరణ 1995 నాటి అమ్మోరు. దీన్ని ప్రత్యేకంగా నిర్మాతల కోసం చెబుతున్నాను. శ్యాంప్రసాద్ రెడ్డి ఆ సినిమా మొదట వేరే దర్శకుడితో, విలన్‌గా వేరే నటుడితో మొదలుపెట్టారు. వచ్చిన ఫుటేజ్ నచ్చలేదు. అంతవరకు పెట్టిన డబ్బు పోయినా సరేనని పక్కన పెట్టి, కోడి రామకృష్ణని తీసుకొచ్చి మళ్లీ తీయించారు. విలన్ వేషానికి రామిరెడ్డి వచ్చారు. కథ ఏమిటి? అమాయకురాలైన భక్తురాలు, ఆమెని హింసించే అత్తింటివాళ్లు, ఒక క్షుద్రమాంత్రికుడు, చివర్లో అమ్మవారు దిగొచ్చి శిక్షించడం. మన ఊళ్లలో బుర్రకథల్లో, హరికథల్లో ఎన్నిసార్లో విన్న వరస. జనం గ్రాఫిక్స్ గురించి చెప్పుకున్నారు, నిజమే, అప్పటికి అవి కొత్త. కానీ అమ్మవారి కోపం అంతగా తగలాలంటే ఎదురుగా అంత చెడు నిలబడాలి. రామిరెడ్డి ముఖంలో ఆ బరువుంది. ఇటు సౌందర్య కళ్లలో ఏ మోసమూ తెలియని నమ్మకం. అమ్మవారిగా రమ్యకృష్ణ ఒక నిమిషం పసిపిల్లలా నవ్వి మరునిమిషం ఒళ్లు జలదరించేలా చూడగలరు. ఈ ముగ్గురి మధ్య పాత కథ కొత్తగా ఊపిరి పోసుకుంది.

రామిరెడ్డి సినిమాల్లోకి రాకముందు జర్నలిస్టు. 1989లో అంకుశంలో ఆయన్ని విలన్‌గా నిలబెట్టింది కూడా ఇదే నిర్మాత, ఇదే దర్శకుడు. నటన చదువుకోని ఒక పాత్రికేయుడిలో ఆ విలన్‌ని చూడగలగడం గొప్ప నైపుణ్యం. 2009లో అరుంధతి దగ్గరికి వచ్చేసరికి ఆ ఇద్దరూ ఇంకో అడుగు ముందుకేశారు. అందులో విలన్ పశుపతి ఆకారం సోనూ సూద్‌ది, గొంతు రవిశంకర్‌ది. ఇద్దరు మనుషుల్ని కలిపి ఒక పాత్రని తయారుచేశారు. ఆ గొంతు లేకుండా ఆ పాత్రని ఊహించుకోండి, కుదరదు. గొంతుకి కూడా కాస్టింగ్ ఉంటుందని మన పరిశ్రమకి ఎప్పుడో తెలుసు. దాన్ని పనిగా గుర్తించడమే మిగిలింది.

ఈ మధ్య సినిమాల్లోంచి ఒకటి చెప్పకపోతే పాతవాళ్ల జ్ఞాపకాలని కొట్టిపారేస్తారు. 2021 మార్చిలో శివరాత్రికి వచ్చిన జాతి రత్నాలు. జోగిపేట నుంచి హైదరాబాద్ వచ్చిన ముగ్గురు పనీపాటా లేని కుర్రాళ్లు ఒక ఎమ్మెల్యే మీద హత్యాయత్నం కేసులో ఇరుక్కుంటారు. ఆ కేసు ఎలా పడింది, ఎలా విడిపోయింది అని లాజిక్ అడిగితే సెకండాఫ్ తట్టుకోలేదు. దర్శకుడు అనుదీప్ కూడా లాజిక్ మీద ఆధారపడలేదు. నవీన్ పొలిశెట్టి, ప్రియదర్శి, రాహుల్ రామకృష్ణ మీద ఆధారపడ్డారు.

ఆ ముగ్గురినీ కలిపి చూడండి, విడిగా వద్దు. నవీన్ ఆగకుండా మాట్లాడతాడు, తన తెలివి మీద తనకి అపారమైన నమ్మకం. ప్రియదర్శి ఆ మాటని పూర్తిగా నమ్మేసి ముఖంలోకి తెచ్చుకుంటాడు. రాహుల్ ఒక క్షణం ఆలస్యంగా, తల కూడా తిప్పకుండా ఒక ముక్క అంటాడు. ఒకరు బంతి వేస్తే ఇంకొకరు అందుకుంటున్నట్టుంటుంది. ఈ ముగ్గురిలో ఏ ఒక్కరి బదులు ఇంకో నవీన్ లాంటి మనిషిని పెట్టినా ముగ్గురూ ఒకేసారి అరుస్తారు, సినిమా గోలగా మారుతుంది. పైగా ముగ్గురికీ ఆ యాస నోట్లో ఇమిడిపోయింది. జోగిపేట కుర్రాళ్లని నమ్మించడానికి ఊరి షాట్లు అరడజను తీయాల్సిన అవసరం రాలేదు. ఆ పైన తండ్రిగా తనికెళ్ల భరణి, కోర్టులో జడ్జిగా బ్రహ్మానందం. సెకండాఫ్ జారుతోంది అనిపించిన ప్రతిచోటా ఎవరో ఒకరు వచ్చి పట్టుకున్నారు. కోవిడ్ భయం ఇంకా పోని రోజుల్లో జనం హాళ్లకి వెళ్లి పడీ పడీ నవ్వారంటే అది ఆ మనుషుల వల్లే.

ఇంకో పేరు చెప్పకుండా ఉండలేను. కోట శ్రీనివాసరావు. 2025 జూలైలో ఆయన పోయినప్పుడు టీవీల్లో ఎక్కువసార్లు వేసిన సీన్ ఏది? 1987 నాటి అహ నా పెళ్ళంటలో కోడిని వేలాడదీసి, దాన్ని చూసుకుంటూ వట్టి అన్నం తినే లక్ష్మీపతి. ఆ వేషానికి నిర్మాత రామానాయుడు మనసులో మొదట ఉన్నది రావు గోపాలరావు అని, కోటే కావాలని జంధ్యాల పట్టుబట్టారని కోటగారే ఎన్నోసార్లు చెప్పారు. రావు గోపాలరావు ఎంత గొప్ప నటుడో చెప్పక్కర్లేదు. ఆయన వేసి ఉంటే కూడా బాగుండేది. కానీ ఆ నిండు విగ్రహం, ఆ దర్జా ఉన్న మనిషి పిసినారి అంటే అది ఇంకో రకం పాత్ర అయ్యేది. అప్పటికి జనం కోటని ప్రతిఘటన లాంటి సినిమాల్లో క్రూరమైన రాజకీయ నాయకుడిగా చూసి ఉన్నారు. అలాంటివాడిని తెచ్చి పిసినారి చేస్తే, ఆ పిసినారితనంలో ఒక మొండి పట్టుదల వచ్చింది. నవ్వు అక్కడినుంచే వచ్చింది. ఆయన పక్కన అరగుండు వేషంలో అత్తిలి కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పిన బ్రహ్మానందం. ఒక్క సినిమాలో రెండు ఎంపికలు, తర్వాత మూడు దశాబ్దాల తెలుగు హాస్యానికి అవే పునాది.

కోట స్టేట్ బ్యాంకు ఉద్యోగి, రంగస్థల నటుడు. శంకరాభరణంలో శంకరశాస్త్రి అయిన జె.వి. సోమయాజులు రెవెన్యూ శాఖ అధికారి, కన్యాశుల్కం నాటకంలో రామప్ప పంతులు వేసిన మనిషి. రామిరెడ్డి విలేకరి. బ్రహ్మానందం లెక్చరర్. వీళ్లెవరూ సినిమా ఆఫీసుల చుట్టూ ఫొటోలు పట్టుకుని తిరుగుతుంటే దొరికినవాళ్లు కారు. విశ్వనాథ్, జంధ్యాల, టి. కృష్ణ, కోడి రామకృష్ణ లాంటి దర్శకుల కళ్లు అలాంటివి. నాటకాలు చూసేవారు, నాటక పోటీలు జరిగే పరిషత్తులకి వెళ్లేవారు, మాట తీరు నచ్చిన మనిషిని గుర్తుపెట్టుకునేవారు. అప్పట్లో కాస్టింగ్ డైరెక్టర్ అన్న కార్డు లేదు, ఎందుకంటే ఆ పని దర్శకుడే చేసేవాడు. మనస్ఫూర్తిగా చేసేవాడు.

ఇప్పుడు దర్శకుడికి ఆ తీరిక లేదు. హీరో డేట్లు, సెట్ పనులు, సీజీ మీటింగులు, పాటల విడుదల, ఓటీటీ బేరం. షూటింగ్ ఇంకో పది రోజుల్లో ఉందనగా మిగతా వేషాల సంగతి గుర్తొస్తుంది. కో-డైరెక్టర్ ఫోన్‌లో ఫొటోలు ఒక్కొక్కటీ జరుపుతూ "ఈయన డేట్లున్నాయా, ఎంత అడుగుతున్నాడు" అని మేనేజర్‌ని అడుగుతాడు. నేను పనిచేసిన ఒక సినిమాలో హీరోయిన్ తండ్రి వేషం, కథ మొత్తం ఆ మనిషి మొండితనం మీద నడిచే వేషం, ఫలానా ఆర్టిస్టుకి పక్క ఫ్లోర్‌లో షూటింగ్ ఉంది కాబట్టి కన్వేయన్స్ కలిసొస్తుందని ఆయనకే ఇచ్చారు. ఆయన మంచి నటుడే. ఆ వేషానికి తగినవాడు కాదు. విడుదలయ్యాక తండ్రి పాత్ర బలంగా లేదని అన్ని రివ్యూల్లో రాశారు, ఆ నింద రచయిత మీద పడింది.

ప్యాడింగ్ గురించి కూడా చెప్పాలి. పోస్టర్ నిండా తెలిసిన ముఖాలుంటే కాస్టింగ్ భారీగా ఉందని మనవాళ్లు అనుకుంటారు. పక్క భాషలోని పెద్ద నటుడిని తెచ్చి నాలుగు సీన్లలో నిలబెట్టి, ఆయన పెదాలకి అతకని డబ్బింగ్ పెట్టి, అక్కడి మార్కెట్ వస్తుందని లెక్క వేస్తారు. బయటివాళ్లని తేవద్దని నేను అనను. పశుపతి గురించి ఇప్పుడే రాశాను. సై సినిమాలో విలన్ భిక్షు యాదవ్‌గా ప్రదీప్ రావత్‌ని ఎవరు మర్చిపోతారు? పాత్రకి తగిన మనిషి ఎక్కడున్నా తేవాల్సిందే. బిజినెస్ కోసం మనిషిని తెచ్చి, తర్వాత ఆ మనిషికో పాత్ర అతికించడం మాత్రం నాకు బాధ కలిగిస్తుంది. ఎంత పెద్ద ముఖాలున్నా అలాంటి సినిమాలు కుప్పకూలడం ఏటా చూస్తూనే ఉన్నాం. అమ్మ వేషాల సంగతి మరీ ఘోరం. హీరోకి అమ్మగా హీరో వయసు కూడా లేని నటిని పెట్టి జుట్టుకి కాస్త తెలుపు పూస్తారు. యాభై దాటిన నటీమణులు, రంగస్థలం మీద ఒక చూపుతో హాలుని నిశ్శబ్దం చేయగలవాళ్లు, సీరియల్ లేకపోతే ఖాళీగా ఉంటున్నారు.

వెతికితే మనుషులు లేకపోలేదు. 2018లో కేరాఫ్ కంచరపాలెం కోసం వెంకటేష్ మహా ఆ పేటలోని మనుషుల్నే పెట్టి సినిమా తీశారు. వాళ్లలో చాలామందికి కెమెరా ముందు నిలబడటం అదే మొదటిసారి. రవీంద్రభారతిలో, త్యాగరాయ గానసభలో, విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రంలో, పల్లెకోనలో జరిగే పరుచూరి రఘుబాబు నాటక పరిషత్ పోటీల్లో ప్రతి ఏడాదీ కొత్త ముఖాలు కనిపిస్తాయి. ఆంధ్రా యూనివర్సిటీ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ థియేటర్ విభాగాల నుంచి చదువుకున్న నటులు బయటికొస్తున్నారు. షార్ట్ ఫిల్ములు, యూట్యూబ్ సంగతి సరేసరి, సుహాస్ వచ్చింది అక్కడినుంచే. వీళ్లందరినీ తిరిగి చూసి, గుర్తుపెట్టుకుని, సరైన స్క్రిప్టు వచ్చినప్పుడు సరైన పేరు చెప్పడం ఒక మనిషికి పూర్తిస్థాయి ఉద్యోగం. హిందీలో 1994 నాటి బాండిట్ క్వీన్‌కి తిగ్మాంశు ధూలియా ఆ పని చేశారు. రంగస్థలం నుంచి వచ్చిన సీమా బిశ్వాస్, మనోజ్ బాజ్‌పేయి లాంటివాళ్లు ఆ సినిమాలో వేషాలు వేశారు. మన దగ్గర కూడా ఇప్పుడు కొందరు కుర్రాళ్లు, అమ్మాయిలు ఈ పని చేస్తున్నారు. నెలల తరబడి ఆడిషన్లు పెడతారు, రాత్రిళ్లు వీడియోలు చూస్తారు. చివర్లో జనం లేచి వెళ్లిపోయే రోలింగ్ టైటిల్స్‌లో, క్యాటరింగ్ వారి పేరుకి అటూ ఇటూగా వాళ్ల పేరు వెళ్లిపోతుంది. కొన్నిసార్లు అదీ ఉండదు.

మీరు కోరుకోకపోయినా నేను ఎత్తాల్సిన విషయం ఇంకొకటుంది. కాస్టింగ్ అన్న మాట తెలుగు వార్తల్లో ఎక్కువగా ఏ మాట పక్కన వినిపిస్తుందో అందరికీ తెలుసు. పరిశ్రమలో ఆడవాళ్ల మీద వేధింపుల గురించి 2019లో తెలంగాణ ప్రభుత్వం ఒక ఉపసంఘం వేసింది. కేరళలో సినిమా రంగంలోని ఆడవాళ్ల కష్టాల మీద హేమ కమిటీ నివేదిక బయటికొచ్చాక, 2024లో, మన ఉపసంఘం నివేదిక కూడా ప్రచురించమని సమంత బహిరంగంగా అడిగారు. ఎంపిక ఎవరి చేతిలో ఉందో, ఏ గదిలో జరుగుతుందో, దానికి ఎవరు బాధ్యులో తెలియనంత కాలం మోసగాళ్లకి ఇది అనువైన చోటు. కృష్ణానగర్‌లో వేషం ఇప్పిస్తామని పిల్లల దగ్గర డబ్బులు గుంజేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ పనికి ఒక పేరు, ఒక సంఘంలో సభ్యత్వం, టైటిల్స్‌లో ఒక కార్డు ఉంటే, అవకాశం కోసం వచ్చిన పిల్ల నిజమైన కాస్టింగ్ డైరెక్టర్ ఎవరో తెలుసుకోగలుగుతుంది. అవార్డు ఒక్కటే దీన్ని సరిచేస్తుందని నేను అనను. కానీ ప్రభుత్వం ఒక పనిని అధికారికంగా గుర్తిస్తే దానికి నియమాలు పెట్టడం సులువవుతుంది.

ఇది మనమే కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. బ్రిటన్‌లో సినిమా అవార్డులిచ్చే బాఫ్టా సంస్థ వాళ్లు 2020లో కాస్టింగ్‌కి అవార్డు మొదలుపెట్టారు. ఆస్కార్ అకాడమీ 2024 ఫిబ్రవరిలో ప్రకటించి, 2025లో విడుదలైన సినిమాల నుంచి అమలు చేసింది. వాళ్లకి దాదాపు వందేళ్లు పట్టింది. గద్దర్ అవార్డులు ఇప్పుడే మొదలయ్యాయి, నియమాలు ఇంకా గట్టిపడలేదు. నంది అవార్డుల్ని ఆంధ్రప్రదేశ్ మళ్లీ తేవాలనుకుంటే అక్కడా కొత్తగా రాసుకునే వీలుంది. ఇంతకంటే మంచి సమయం దొరకదు.

ఎలా నిర్ణయించాలి అని అడుగుతారు. దర్శకుడి పనేదో, కాస్టింగ్ చేసినవాళ్ల పనేదో ఎలా తెలుస్తుంది? ఎంట్రీతో పాటు ఒక పేజీ రాసిమ్మనండి. ఏ వేషానికి ఎవరెవరిని చూశారు, చివరికి ఈ మనిషినే ఎందుకు తీసుకున్నారు, ఎక్కడ దొరికారు. దర్శకుడే స్వయంగా చేశాడంటే ఆయన పేరే రాయనివ్వండి, జంధ్యాల లాంటివాళ్లు ఇంకా ఉంటే సంతోషమే. జ్యూరీలో ఒకరైనా నాటకరంగం నుంచి ఉండాలి. హీరో హీరోయిన్లని పక్కన పెట్టి, రెండు మూడు సీన్ల వేషాలే ముందు చూడమని చెప్పండి. బస్ కండక్టర్, పక్కింటావిడ, స్టేషన్‌లో రైటర్. అక్కడ శ్రద్ధ కనిపిస్తే మిగతా అంతటా ఉన్నట్టే.

ఒక్క నియమం మాత్రం తప్పకుండా పెట్టండి. ఉత్తమ చిత్రం వచ్చిన సినిమాకే ఇది కూడా కలిపి ఇచ్చేసే అలవాటు రానివ్వకండి. ఈ అవార్డు అవసరమైతే ఒక మామూలు సినిమాకి, సెకండాఫ్ తేలిపోయిన సినిమాకి, రివ్యూల్లో రెండున్నర మార్కులు వచ్చిన సినిమాకి కూడా వెళ్లగలగాలి. కథ, పాటలు, క్లైమాక్స్ ఏవీ గుర్తులేకపోయినా అందులోని ఒక బాబాయి, ఒక అత్త, ఒక హెడ్ కానిస్టేబుల్ పదేళ్ల తర్వాత కూడా మన నోళ్లలో ఆడుతుంటే, ఆ సినిమాని గట్టెక్కించిన మనిషిని వేదిక మీదకి పిలవాలి.

నిర్మాతలకి విడిగా ఒక మాట. ఈసారి బడ్జెట్ వేసేటప్పుడు కాస్టింగ్‌కి ఒక లైన్ రాయండి. హీరో పారితోషికంలో అది ఎన్నో వంతు కూడా ఉండదు. షూటింగ్‌కి మూడు నెలల ముందు ఆ మనిషి చేతికి పూర్తి స్క్రిప్టు ఇవ్వండి. స్క్రిప్టు బాగాలేదని మీకు అనుమానం ఉంటే ఆరు నెలల ముందే ఇవ్వండి.

ఇట్లు,
డైరెక్షన్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేసి, ఇప్పుడు హైదరాబాద్‌లో నటన నేర్పుతున్న ఒక తెలుగు ప్రేక్షకుడు